లాస్ వేగాస్ నుంచి ఎర్రరాతి లోయల దాకా: అమ్మానాన్నలతో నాలుగు రోజుల కారు ప్రయాణం

ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చినప్పుడు వాళ్ళకు లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్ చూపించడం అమెరికాలోని తెలుగు ఇళ్ళల్లో ఇప్పుడొక ఆనవాయితీ. ఒక రాత్రి వేగాస్ దీపాలు చూసి, మర్నాడు చీకటితోనే బస్సెక్కి గ్రాండ్ కాన్యన్‌కు వెళ్ళి, అర్ధరాత్రికి మళ్ళీ హోటలు చేరుకోవడం ఎక్కువమంది ఎంచుకునే పద్ధతి. మా అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు మేమూ అలాగే వెళ్ళాము. ఆ ఒక్కరోజు ప్రయాణం మిగిల్చిన అసంతృప్తి వల్లనే, 2024 అక్టోబరు రెండో వారంలో మా అమ్మానాన్నలను తీసుకొని వెళ్ళేటప్పుడు బస్సు జోలికి పోకుండా వేగాస్‌లో ఒక మినీవ్యాన్ అద్దెకు తీసుకొని, నాలుగు రోజుల్లో సుమారు 750 మైళ్ళు తిరిగి మళ్ళీ వేగాస్ చేరుకున్నాము. అప్పటినుంచి అదే దారిలో వెళ్ళదలచిన మిత్రులు వివరాలు అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకు ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఒకచోట చేర్చి, మేము డబ్బిచ్చి పొందిన సేవల్లో ఏది ఎంత విలువ చేసిందో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ బస్సు ప్రయాణం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇంకా చాలామంది దానికే టిక్కెట్లు కొంటున్నారు. వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు దాదాపు 280 మైళ్ళు, అంటే ఎక్కడా ఆగకపోయినా నాలుగున్నర గంటల దారి. రానూపోనూ తొమ్మిది గంటలు అక్కడే ఖర్చవుతాయి. తెల్లవారుజామున అయిదున్నరకు మమ్మల్ని ఎక్కించుకున్న బస్సు మరో మూడు హోటళ్ళ ముందు ఆగి, దారిలో ఒక దుకాణం దగ్గర ముప్పావు గంట నిలిచి, మధ్యాహ్నం దాటాక లోయ అంచుకు చేరింది. అక్కడ మాకు దొరికింది రెండున్నర గంటలు. అదీ నడినెత్తిన ఎండ ఉన్న వేళ, నీడలు లేక లోయ లోతు కంటికి ఆనని సమయంలో. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు ఒక్కచోట కూర్చొని చూసి వచ్చేశారు. డ్రైవరు మర్యాదస్తుడే, బస్సు శుభ్రంగానే ఉంది. లోపం ఆ పద్ధతిలోనే ఉంది. ఒంటరిగా వచ్చినవాళ్ళకూ, కారు నడపలేనివాళ్ళకూ ఇది తప్పదేమో గానీ, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి నేను దీన్ని సిఫారసు చేయలేను.

కారు విషయంలో మేము నేర్చుకున్నది ఒకటుంది. విమానాశ్రయం దగ్గర అద్దె కంపెనీ వాళ్ళు మాకు ఇచ్చిన మినీవ్యాన్ విశాలంగా ఉంది, అమ్మ కాళ్ళు చాపుకొని కూర్చోగలిగింది, ఎక్కడానికీ దిగడానికీ ఎత్తు తక్కువగా ఉంది. అయితే రెండో గంటలోనే టైరులో గాలి తగ్గిందన్న సూచన వెలిగింది. కింగ్‌మన్‌లో ఆగి వెనకభాగం తెరిచి చూస్తే స్టెప్నీ లేదు. ఆ మోడల్‌లో స్టెప్నీ ఇవ్వరని అప్పుడు ఫోనులో చెప్పారు. బీమా ఎంత తీసుకోవాలో కౌంటరు దగ్గర పావుగంట వివరించిన మనిషి ఈ ఒక్క ముక్క చెప్పలేదు. టైరు దుకాణంలో మేకు తీసి అతుకు వేయడానికి గంట పట్టింది. అదే దారిలో ముందు వచ్చే కామెరాన్ అనే ఊరు దాటాక, ఫోను సిగ్నల్ అందని చోట జరిగి ఉంటే సాయం కోసం ఎన్ని గంటలు చూడవలసి వచ్చేదో తలచుకోవడానికే ఇష్టం లేదు. కాబట్టి తాళాలు చేతికి రాగానే వెనక తలుపు తెరిచి స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఉన్న బండి అడగండి. దారి పటాన్ని ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా ముందే ఫోనులోకి దించుకోండి.

మొదటి మజిలీ హూవర్ డ్యామ్. వేగాస్ నుంచి ముప్పావు గంట. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు. మాచర్లలో పుట్టి పెరిగినవారు కావడంతో నాగార్జునసాగర్ కట్టుబడిని చిన్ననాట కళ్ళారా చూశారు. ఆయనకు ఈ ప్రయాణమంతటిలో తీర్థం లాంటిది ఇదే. 1931లో మొదలుపెట్టి 1935 నాటికి ముగించిన ఈ ఆనకట్ట ఎత్తు 726 అడుగులు. నల్లటి కొండల మధ్య ఇరుకు గండిలో, కొలరాడో నదికి అడ్డంగా విల్లులా వంగి నిలబడి ఉంటుంది. అంత కాంక్రీటును ఒక్కసారిగా పోస్తే లోపలి వేడి చల్లారడానికి వందేళ్ళు దాటుతుందని లెక్కవేసి, దాన్ని దిమ్మెలు దిమ్మెలుగా పోసి, ప్రతి దిమ్మెలోనూ అంగుళం మందం గొట్టాలు పరిచి చల్లటి నీళ్ళు పారించారని నాన్నగారు మాకు వివరించారు. అదయ్యాక పిట్టగోడ మీద చెయ్యి వేసి, "అమ్మాయ్, ఇది యంత్రాలు కట్టిన డ్యాము. మన సాగరు మనుషులు తలల మీద రాళ్ళు మోసి కట్టినది. రెండూ గొప్పవే" అన్నారు. రాతికట్టడంగా సాగర్‌కు ఉన్న పేరు అందరికీ తెలిసినదే. కానీ ఆ మాట ఆ గోడ మీద నిలబడి ఆయన నోట వినడం నాకు మరచిపోలేని అనుభవం.

ఇక్కడ రెండు సూచనలు. 2010లో ప్రారంభమైన కొత్త వంతెన నదికి దాదాపు 900 అడుగుల ఎత్తున ఉంటుంది. కారులో దాని మీదుగా పోతే పక్కగోడలు అడ్డం వచ్చి ఆనకట్ట అసలు కనిపించదు. రహదారి వదిలి పాతదారిలోకి దిగి, కారు నిలిపి, కాలిబాటన వంతెన ఎక్కితేనే ఆనకట్ట ముందువైపు మొత్తం కనిపిస్తుంది. గాలి బలంగా వీస్తుంది కాబట్టి టోపీలు పట్టుకోవాలి. రెండోది, ఆనకట్ట వెనక నిలబడిన బురుజుల మీద రెండు గడియారాలు ఉంటాయి, ఒకటి నెవాడా సమయం, మరొకటి ఆరిజోనా సమయం చూపుతుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి ఆరిజోనాలో లేదు కనుక మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా రెండూ ఒకే సమయం చూపుతాయి, చలికాలంలో మాత్రం గంట తేడా వస్తుంది. ఈ సంగతి ముందుకు పోయాక చాలా అవసరపడుతుంది.

కింగ్‌మన్ నుంచి విలియమ్స్ దాకా పెద్ద రహదారి, చెప్పుకోవలసినది తక్కువ. మధ్యలో సెలిగ్‌మన్ అనే చిన్న ఊళ్ళో దిగి పాత 66వ నంబరు రోడ్డు మీద అరగంట నడిచాము. 1926లో పుట్టి 1985లో అధికారిక జాబితా నుంచి తొలగిపోయిన ఆ రోడ్డును బతికించుకోవడానికి ఆ ఊరివాళ్ళు పడుతున్న తాపత్రయం ముచ్చటగా ఉంటుంది. విలియమ్స్ నుంచి ఉత్తరానికి 60 మైళ్ళు పోతే గ్రాండ్ కాన్యన్. ఆ చివరి అరవై మైళ్ళూ చీకటిపడకముందే పూర్తి చేయండి, సాయంత్రమైతే దుప్పులు రోడ్డుకు అడ్డంగా వస్తాయి.

మేము పార్కు ద్వారం పక్కనే ఉన్న టుసాయన్‌లో బస చేశాము. గదులు ఖరీదు, సౌకర్యాలు మామూలు. అయినా ఆ డబ్బు దండగ కాదు, ఎందుకంటే ఆ బస వల్లనే మాకు సూర్యోదయం దక్కింది. తెల్లవారి ఆరింటికి మేథర్ పాయింట్ చేరుకునేసరికి లోయ అంతా నీలపు చీకటి. ఎదుట ఏమీ లేనట్టే ఉంది. ఆరున్నర ప్రాంతంలో ఎదుటి అంచు మీద ఒక సన్నని గులాబి గీత పడింది. ఆ గీత కిందికి దిగుతున్నకొద్దీ ఒక్కొక్క రాతిపొర తన రంగుతో బయటపడింది: పైన లేతపసుపు సున్నపురాయి, దాని కింద తెల్లటి పట్టీలా ఒకనాటి ఇసుకదిబ్బలు గట్టిపడిన రాయి, ఆ కింద ఎర్రమట్టి రంగు మెట్లు, ఆ కింద నిటారుగా దిగిన ఎర్రటి గోడ. ఆ గోడ నిజానికి బూడిదరంగు సున్నపురాయేననీ, పైపొరల నుంచి వానకు కారిన ఇనుపతుప్పు దానికి ఆ రంగు పూసిందనీ మ్యూజియంలో చదివి తెలుసుకున్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత కొంగు భుజం చుట్టూ కప్పుకొని దణ్ణం పెట్టుకుంది.

ఆ దణ్ణానికి అక్కడ చోటు లేకపోలేదు. లోయ మధ్యలో గోపురాల్లా లేచిన శిఖరాలకు ఉన్న పేర్లు చూస్తే మనవాళ్ళెవరైనా నిలబడిపోతారు. విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, దేవ టెంపుల్, మను టెంపుల్ అన్నీ అక్కడున్నాయి. 19వ శతాబ్దం చివరలో ఈ లోయను పరిశీలించిన క్లారెన్స్ డటన్ అనే భూవిజ్ఞాని తూర్పుదేశాల దేవతల పేర్లు పెట్టే వరుసకు నాంది పలికాడు. బ్రహ్మ టెంపుల్ యవపై పాయింట్ నుంచి సూటిగా కనిపిస్తుంది. విష్ణు శిఖరం తూర్పువైపు దారిలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. లోయ అట్టడుగున నది ఒరుసుకుపోయే నల్లరాయికీ విష్ణువు పేరే పెట్టారు, దాని వయసు దాదాపు 170 కోట్ల సంవత్సరాలు. ఈ పేర్లు తెలియక తిరిగివచ్చే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మా మొదటి బస్సు ప్రయాణంలో గైడు ఒక్క పేరూ చెప్పలేదు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఈ పార్కులో నాకు అన్నిటికంటే నచ్చిన సౌకర్యం యవపై భూవిజ్ఞాన మ్యూజియం దగ్గర మొదలయ్యే కాలపు బాట. చదునైన సిమెంటు దారి. అందులో ఒక మీటరు నడిస్తే పది లక్షల సంవత్సరాలు నడిచినట్టు. నేలలో లోహపు బిళ్ళలు పొదిగి ఉంటాయి, దారి పక్కన లోయలోని ఒక్కొక్క పొర నుంచి తెచ్చిన రాయిని నునుపు చేసి, చేత్తో తాకడానికి వీలుగా నిలిపారు. నది ఈ లోయను కోయడం మొదలుపెట్టింది 50, 60 లక్షల ఏళ్ళ కిందటేనంటారు, అంటే ఆ బాట మీద అయిదారు మీటర్లు నడిచేలోపే నది కథ మొత్తం అయిపోతుంది. మిగతా దారంతా రాళ్ళ కథ. నాన్నగారు ఆ అయిదారు మీటర్లూ రెండుసార్లు నడిచి చూశారు. మోకాళ్ళ నొప్పితో అమ్మ మొత్తం నడవలేకపోయినా, కూర్చోవడానికి బల్లలున్నాయి, ప్రతి రాతినీ తడిమి చూడగలిగింది. విష్ణు పేరున్న రాయి మీద చెయ్యి పెట్టి, "ఇంత చల్లగా ఉందేమిటే" అంది.

పడమరవైపు హెర్మిట్ రోడ్డు మీదికి మార్చి నుంచి నవంబరు దాకా సొంత కార్లను రానివ్వరు, పార్కు వారి ఉచిత బస్సులే తిరుగుతాయి. బస్సులు బాగానే ఉన్నాయి గానీ ఎక్కి దిగడం అమ్మకు కష్టమైంది. నడవడం ఇబ్బందిగా ఉన్నవారి కోసం కారులోనే ఆ దారిన వెళ్ళే అనుమతి పత్రం ఇస్తారని విజిటర్ సెంటరులో అడిగితే తెలిసింది. అడిగినవారికి ఉచితంగానే ఇస్తారు, అడగనివారికి తెలియదు. మేము వెళ్ళినప్పుడు కారుకు 35 డాలర్ల ప్రవేశ రుసుము, ఏడు రోజులు చెల్లింది. 2026 నుంచి అమెరికా నివాసులు కాని సందర్శకులకు ఈ పార్కుతో సహా కొన్ని పెద్ద పార్కుల్లో అదనపు రుసుము పెట్టారు. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు అది వర్తిస్తుంది కాబట్టి బయల్దేరే ముందు పార్కుల అధికారిక వెబ్‌సైటులో తప్పక చూసుకోవాలి. అంచు ఎత్తు దాదాపు 7,000 అడుగులు, మెట్లెక్కితే పెద్దవాళ్ళకు ఆయాసం వస్తుంది. అక్టోబరులో కూడా ఉదయం ఉన్ని బట్టలు కావాలి.

గ్రాండ్ కాన్యన్ వెస్ట్, అక్కడి గాజు వంతెన సంగతేమిటని చాలామంది అడుగుతారు. అది హువాలపై తెగవారి భూమి, జాతీయ పార్కులో భాగం కాదు. 2007లో తెరిచిన స్కైవాక్ అక్కడే ఉంది. వేగాస్ నుంచి రెండున్నర గంటలలోపే చేరుకోవచ్చు కాబట్టి ఒక్కరోజే ఉన్నవారికి అది తగిన ఎంపిక, ఆ ఆదాయం ఆ తెగకు జీవనాధారం కూడా. అయితే గాజు మీద నిలబడ్డ అనుభవం వేరు, లోయను చూడడం వేరు. పొరలూ శిఖరాలూ విస్తారంగా తెరుచుకునేది దక్షిణపు అంచు నుంచే. స్కైవాక్ మీదికి ఫోన్లు, కెమెరాలు తీసుకువెళ్ళనిస్తారో లేదో కూడా ముందే కనుక్కోవాలి.

రెండో రోజు మధ్యాహ్నం వచ్చిన దారినే వెనక్కి మళ్ళకుండా తూర్పుగా డెజర్ట్ వ్యూ వైపు వెళ్ళడమే ఈ ప్రయాణంలో మేము తీసుకున్న మంచి నిర్ణయం. దారి పొడవునా లోయ అంచులు, ఒకదానికొకటి పోలిక లేకుండా. చివర్లో 70 అడుగుల రాతి బురుజు, వాస్తుశిల్పి మేరీ కోల్టర్ రూపొందించి 1932లో కట్టించినది. లోపలి గోడల మీద హోపీ తెగకు చెందిన చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ వేసిన బొమ్మలున్నాయి. ఇక్కడినుంచి కొలరాడో నది బాగా కనిపిస్తుంది. మేథర్ పాయింట్ దగ్గర నది ఎక్కడుందని వెతుక్కున్న నాన్నగారు ఇక్కడ తృప్తిపడ్డారు. మన గండికోటలో పెన్న ఎర్రరాళ్ళ మధ్య మలుపు తిరిగే తీరు చూసినవారికి ఈ దృశ్యం పరిచయమున్నట్టే తోస్తుంది, పరిమాణం మాత్రం ఊహకు అందదు.

బురుజు దాటగానే దారి కొండ దిగి నవహో అనే ఆదివాసీ తెగవారి భూమిలోకి ప్రవేశిస్తుంది. చిట్టి కొలరాడో నది గండి దగ్గర నవహో ఆడవాళ్ళు బల్లల మీద నగలు పరుచుకొని అమ్ముతున్నారు. అమ్మ అక్కడ జునిపర్ గింజల దండ ఒకటి కొంది. ఎండిన గోధుమరంగు గింజలు, తులసిపూసల కంటే కాస్త పెద్దవి, ఒక్కొక్క గింజకూ ఒక చివర చీమలు తొలిచిన రంధ్రం. ఆ రంధ్రం లోంచే సూది పోనిస్తామని అమ్మే ఆవిడ గింజను వేలి మీద పెట్టి చూపించింది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. గింజలు గుచ్చే పని ఇద్దరికీ తెలుసు కాబట్టి నాతో పనిలేకుండానే బేరం కుదిరింది.

కామెరాన్‌లో భోజనానికి ఆగాము. మాంసం లేకుండా చిక్కుడుగింజలతో ఫ్రై బ్రెడ్ ఇవ్వమంటే ఇచ్చారు. పూరీకి అన్నలాగా, భటూరాకు దగ్గరగా ఉంటుంది. అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా, వేడి తగ్గకముందే తింటే బాగుంటుంది. 1864లో అమెరికా సైన్యం నవహోలను తమ నేల నుంచి తరిమి న్యూ మెక్సికోకు వందల మైళ్ళు నడిపించి, అక్కడ పిండీ కొవ్వూ చక్కెరా రేషనుగా ఇస్తే, ఆ దినుసులతోనే పుట్టిన వంటకం ఇది. 1868 ఒప్పందం తర్వాత వాళ్ళు తమ నేలకు తిరిగి రాగలిగారు. ఆ సంగతి తెలిసి తింటే ఆ ముద్ద వేరుగా ఉంటుంది. శాకాహారులకు దారిలో దొరికేవి తక్కువ కాబట్టి పులిహోర, పెరుగన్నం, చపాతీలు వెంట తీసుకుపోవడం మంచిది. మంచుపెట్టెలో పెట్టుకున్న పెరుగన్నమే మమ్మల్ని మూడు పూటలు కాపాడింది.

కామెరాన్ నుంచి పేజ్ దాకా దారిలో ఫోను గడియారం ఉన్నట్టుండి గంట ముందుకు దూకుతుంది, ఎందుకంటే ఆరిజోనా పాటించని వేసవి సమయాన్ని నవహోల భూభాగమైన నవహో నేషన్ పాటిస్తుంది. పేజ్ ఊరు మాత్రం ఆరిజోనా సమయంలోనే నడుస్తుంది. మా సూర్యాస్తమయం చేజారిపోయిందనుకొని మావారు కంగారుగా కారు నడిపారు, తీరా వెళ్తే గంట ముందే చేరాము. చేతికి మామూలు గడియారం పెట్టుకొని బయల్దేరండి. హార్స్‌షూ బెండ్ పేజ్‌కు పక్కనే ఉంది. కారు నిలపడానికి ఊరివారు 10 డాలర్లు తీసుకున్నారు. రానూపోనూ ఒకటిన్నర మైలు నడక, దారి చదును చేసి ఉంది, కానీ నీడ తక్కువ. దాదాపు 1,000 అడుగుల కింద నది గుర్రపునాడాలా వంపు తిరిగి, ఆకుపచ్చగా, కదలనట్టు కనిపిస్తుంది. ఇనుప కటకటాలు కొద్దిమేరకే ఉన్నాయి, మిగతాదంతా తెరపి అంచు. పిల్లలున్నవారు చెయ్యి వదలకూడదు.

మూడో రోజు ఉదయం ఆంటిలోప్ కాన్యన్. ఇది నవహో గిరిజన పార్కు, గైడు లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. దిగువ లోయలో నిచ్చెనలు దిగాలి కనుక మేము ఎగువ లోయకు టిక్కెట్లు తీసుకున్నాము. ధర ఎక్కువే. మధ్యాహ్నం వెలుగు కిరణాలు నిట్టనిలువునా దిగే వేళకు టిక్కెట్టు ఇంకా ప్రియం, ఆ కిరణాలు కూడా వేసవి నెలల్లోనే. మేము ఉదయం తొమ్మిదింటికి వెళ్ళాము, కిరణాలు లేకపోయినా రంగులకు లోటు రాలేదు. ఇసుకవాగులో కుదుపులతో బండిలో తీసుకుపోయి, కొండలో ఒక చీలిక ముందు దించారు. లోపల అడుగుపెట్టగానే గోడలు అలల్లా వంగి, పైన కలుసుకోబోయి ఆగినట్టున్నాయి. ఒకచోట నారింజ రంగు, తల తిప్పేసరికి ఊదా. రాతి మీద చెయ్యి పెడితే సన్నటి ఇసుక వేళ్ళకు అంటింది.

మా గైడు నవహో యువకుడు. ఈ లోయను తమ భాషలో త్సే బిఘానిలీని అంటారనీ, రాళ్ళ గుండా నీళ్ళు పారే చోటు అని దాని అర్థమనీ చెప్పాడు. ఎక్కడో మైళ్ళ దూరంలో కురిసిన వాన ఈ ఇరుకు సందులోకి ఇసుకతో సహా ఉరికి వచ్చి గోడలను చెక్కుతుందట. పైన ఆకాశం నిర్మలంగా ఉండగానే వరద రావచ్చు. 1997 ఆగస్టు 12న దిగువ లోయలో అలా వచ్చిన వరదకు పదకొండుమంది ప్రాణాలు కోల్పోయారు. అప్పటి కర్ర నిచ్చెనలు కొట్టుకుపోయాయి, తర్వాత ఇనుప నిచ్చెనలు రాతికి బిగించారు. వానసూచన ఉంటే లోయ మూసేస్తారు, అప్పుడు గైడ్లతో వాదించవద్దు. అతను అమ్మ వెంటే నెమ్మదిగా నడిచాడు, ఆమె ఆగిన చోటల్లా మిగతా గుంపునూ ఆపాడు. ఆ ఒక్క గంటకు మేము ఇచ్చిన డబ్బుకు నాకు ఎలాంటి చింతా లేదు. ఒక్క లోపం మాత్రం చెప్పాలి. లోయలోంచి బయటపడ్డాక బండి దగ్గరికి రావడానికి ఎండలో ఇనుప మెట్లదారి ఎక్కి దిగాలి. మేము టిక్కెట్లు కొన్న చోట ఆ సంగతి రాసి లేదు. తెలిసి ఉంటే అమ్మకు చేతికర్ర తెచ్చేవాళ్ళం. సంచులు లోపలికి తీసుకుపోనివ్వరు, నీళ్ళసీసా చేత్తో పట్టుకోవాలి.

పేజ్‌లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ వంతెన మీద నాన్నగారి కోసం పావుగంట ఆగి, కనాబ్ చేరి ఆ రాత్రి అక్కడ నిద్రపోయాము. నాలుగో రోజు జయాన్ పార్కుకు తూర్పు ద్వారం నుంచి ప్రవేశించాము. 1930లో పూర్తయిన 1.1 మైళ్ళ సొరంగం ఇక్కడి ఆకర్షణ. కొండ కడుపులో చీకట్లో పోతుంటే అక్కడక్కడ రాతిని తొలిచి పెట్టిన కిటికీల్లోంచి ఎర్రటి లోయ ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. సొరంగం దాటగానే దారి మెలికలు తిరుగుతూ లోయలోకి దిగుతుంది. గ్రాండ్ కాన్యన్‌ను పైనుంచి చూస్తాము, జయాన్‌ను అడుగునుంచి తల ఎత్తి చూస్తాము. రెండూ ఒకే ప్రయాణంలో చూడాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే. తొమ్మిది దాటితే కారు నిలపడానికి చోటు దొరకదు, మేము అరగంట తిరిగాము. పార్కు బస్సులో చివరిదాకా వెళ్ళి నది ఒడ్డున చదునైన బాటలో అమ్మతో మెల్లగా నడిచాము. చెట్ల నీడ, పక్కనే నీళ్ళ చప్పుడు. నాలుగు రోజుల్లో ఆమె అలసట లేకుండా నడిచింది అక్కడొక్కచోటే.

జయాన్ నుంచి వేగాస్‌కు తిరుగుదారిలో వర్జిన్ నది గండి గుండా పెద్ద రహదారి సాగుతుంది. సాయంత్రం నాలుగింటికి వేలీ ఆఫ్ ఫైర్ వైపు మళ్ళాము. 1935లో ఏర్పడిన ఈ పార్కు నెవాడా రాష్ట్రపు తొలి రాష్ట్ర పార్కు, వేగాస్‌కు యాభై మైళ్ళ దూరంలోనే ఉంది. వేగాస్‌లో ఒక పూటే మిగిలినవారు సైతం చూడవచ్చు, వేసవిలో మాత్రం ఎండకు వెళ్ళవద్దు. వాలుటెండలో ఆ రాళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి. అట్లాటల్ రాక్ దగ్గర ఇనుప మెట్లెక్కితే వేల ఏళ్ళనాటి మనుషులు రాతి నల్లపూత మీద చెక్కిన కొండమేకలు, సూర్యుళ్ళు, మనుషుల బొమ్మలు దగ్గరగా కనిపిస్తాయి. అమ్మ మెట్లెక్కలేక కిందే కుర్చీ వేసుకొని కూర్చుంది. నాన్నగారు పైనుంచి ఒక్కొక్క బొమ్మనూ గట్టిగా చెబుతుంటే, ఆమె వేలితో కాళ్ళ దగ్గరి ఇసుక మీద గీసుకుంటూ, "మేక కొమ్ములు ఎటు తిరిగాయి?" అని అడిగింది.